ధ్రువీకృత తాతారావు

ఉన్నదున్నట్టు పిక్చర్స్‌లో ఇంటర్న్‌గా చేరిన రోజున నాకు నేర్పిన మొదటి పాఠం, డాక్యుమెంటరీ తీసేవాళ్ళు వాస్తవంలో జోక్యం చేసుకోకూడదని. నేర్పింది ఆ సంస్థ యజమానీ దర్శకుడూ అయిన భార్గవేంద్ర గారు. పాఠం అయిపోగానే నా కుర్చీని కిటికీ దగ్గర్నుంచి తీయించి జిరాక్స్ మిషను పక్కన వేయించారు. కిటికీకి అడ్డంగా ఎవరైనా కూర్చుంటే ఆయనకు వాస్తవం కనబడదట.

మా ఆఫీసు విజయవాడలో, మొగల్రాజపురం కొండ పక్క సందులో, ఒక పళ్ళ డాక్టరు గారి మేడ మీద ఉండేది. నా పేరు నీలవేణి, మాది నరసరావుపేట. జర్నలిజం చదువుతూ ఆరు నెలల శిక్షణ కోసం అక్కడ చేరాను. నా పేరుతో ఆ ఆఫీసులో ఎవరికీ అవసరం పడలేదు. అందరూ ఇంటర్న్ అనే పిలిచేవారు. కెమెరామన్ ఇలియాస్ గారొక్కరే "ఏమ్మా" అనేవారు.

అప్పుడు మా చేతిలో ఉన్న పని ఒక్కటే. ప్రభుత్వం వారి వాస్తవచిత్ర మండలి 'చివరి మనుషులు' అనే పేరుతో పన్నెండు డాక్యుమెంటరీలు తీయిస్తోంది. చివరి గాజులవాడు, చివరి సున్నపు బట్టీవాడు, ఇలా. మా వంతుకు గోదావరి మీద చివరి పడవవాడు వచ్చాడు. అతన్ని వెతికే పని నాకు అప్పగించారు.

వెతికి పట్టుకోవడం కష్టమేమీ కాలేదు. గంటిపాలెం రేవు నుంచి తుంగలంకకు రోజూ పడవ వేసే మల్లాడి తాతారావు గారు దొరికారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటారు. తుంగలంకలో నూట పాతిక గడపలున్నాయి. బడికెళ్ళే పిల్లలు, పాల కేన్లు, కూరగాయల బుట్టలు, పురిటికెళ్ళే ఆడవాళ్ళు, అందరూ ఆయన పడవ మీదే ఇటు రావాలి. మీరు గోదావరి మీద చివరి పడవవారు అని నేను చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. పక్క రేవులో పడవ వేసే తన బావమరిదికి ఏమైందని అడిగారు. ఏమీ కాలేదని, ఇది సినిమా మాటని సర్దిచెప్పి, వాళ్ళింట్లో చేపల పులుసుతో అన్నం తిని, సంతోషంగా తిరిగొచ్చాను.

అసలు సంగతి ఇక్కడ మొదలైంది. అంతకు ముందు ఏడాది ఎవరో తీసిన డాక్యుమెంటరీలో అడవిలో తేనె పట్టేవాడిగా కనబడిన మనిషి, నిజానికి ఒక టిఫిన్ సెంటర్లో దోసెలు వేసేవాడని పేపర్లో వచ్చిందట. మండలి చాలా నొచ్చుకుంది. నొచ్చుకున్న ప్రభుత్వ సంస్థ ఏం చేస్తుందో అదే చేసింది, నియమావళి తయారుచేసింది. దాని పేరు 'సహజ వ్యక్తుల ధ్రువీకరణ నియమావళి'. నలభై ఒక్క పేజీలు. దాని ప్రకారం డాక్యుమెంటరీలో కనబడబోయే ప్రతి మనిషీ తాను తానేనని ముగ్గురు సభ్యుల సంఘం ముందు నిరూపించుకోవాలి. వేషధారణకు ఇరవై మార్కులు, యాసకు ఇరవై, వేదనకు ముప్ఫై, శూన్యంలోకి చూడటానికి ఇరవై, వృత్తి నైపుణ్యానికి పది. అరవై వస్తే ఆ మనిషి 'ధ్రువీకృత సహజ వ్యక్తి'. రాకపోతే కాదు.

తాతారావు గారిని విజయవాడ పిలిపించాం. వాళ్ళావిడ పట్టుబట్టడంతో ఇస్త్రీ చేసిన ప్యాంటూ చొక్కా వేసుకుని, అల్లుడి వాచీ పెట్టుకుని, పొద్దున్న బస్సుకు దిగారు. సంఘానికి పెద్ద పద్మనాభం గారు, సహజత్వ నిర్ధారణాధికారి. సన్నగా పొడుగ్గా ఉంటారు, ప్రతి మాటా ఫైల్లోంచి తీసి చూపిస్తున్నట్టు మాట్లాడతారు. ఆయన తాతారావు గారిని కిందినుంచి పైదాకా చూసి వేషధారణకు రెండు మార్కులు వేశారు. పెద్దల ముందు మాట్లాడుతున్నానని తాతారావు గారు మాటకు ముందు ఒకసారి ఆలోచించి, యాస రాకుండా జాగ్రత్తపడి మాట్లాడారు. యాసకు ఐదు వచ్చాయి.

తర్వాత వేదన. మీ వేదన ఏమిటో చెప్పమని అడిగారు. మోకాలు నొప్పి ఉండేదని, కోడలు తెచ్చిన నూనెతో తగ్గిందని ఆయన చెప్పారు. పద్మనాభం గారు ఇంకో అవకాశం ఇచ్చారు.

"నది మీకు తల్లి వంటిదా?"

తాతారావు గారు నిజాయితీగా ఆలోచించారు. "మాయమ్మ పేరు మంగాయమ్మండి. ఆవిడ పోయి పదేళ్ళయింది. గోదారి గోదారేనండి."

వేదనకు నాలుగు. శూన్యంలోకి చూడమంటే, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ ముఖంలోకి చూసి మర్యాదగా నవ్వారు. మూడు. ఇక వృత్తి నైపుణ్యం. ఆ హాల్లో నది లేదు కాబట్టి అక్కడ 'వర్తించదు' అని రాశారు. మొత్తం వందకు పద్నాలుగు. సాయంత్రానికి కాగితం చేతికిచ్చారు: 'సదరు వ్యక్తి మల్లాడి తాతారావుగా తగినంత సహజత్వం కలిగి లేరని సంఘము నిర్ధారించడమైనది.'

ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకుని, బస్టాండుకు వెళ్ళే ఆటోలో నన్ను ఒక్కటే అడిగారు, అంటే తాను తప్పినట్టా అని. ఇది సినిమా వరకేనండి, మీ పనికేం సంబంధం లేదని చెప్పాను. అలా అనుకునే చెప్పాను.

మర్నాడు భార్గవేంద్ర గారు కులాసాగానే ఉన్నారు. తాతారావు పనికిరాకపోతే తాతారావులా ఉండే తాతారావును వెతుకుదామన్నారు. ఆయనకు తెనాలిలో జయకర్ అనే నటుడు తెలుసు. పరిషత్తు నాటకాల్లో ముప్ఫై ఏళ్ళుగా దిక్కులేని తండ్రి వేషాలు వేసే మనిషి. ఆయన్ని చిరుగుల పంచెతో, తలకు తువ్వాలుతో, చేతిలో గెడతో సంఘం ముందు నిలబెట్టాం. పడవను నడిపే గెడ అంటే పొడవాటి వెదురు కర్ర. దాన్ని నీటి అడుక్కి ఆనించి తోస్తే పడవ కదులుతుంది. జయకర్ గారు దాన్ని హాల్లో పాలరాయి మీద ఆనించి నిలబడ్డారు.

నది మీకు తల్లి వంటిదా అని పద్మనాభం గారు అడిగారు. జయకర్ గారు గెడకు నుదురు ఆనించారు. శూన్యంలోకి చూశారు. ఆ తర్వాత మెల్లగా, "తల్లేనయ్యా. పాలివ్వడం మానేసిన తల్లి" అన్నారు. సంఘంలో ఇద్దరు కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. వందకు తొంభై మూడు.

ధ్రువపత్రం టైపు చేసే పని నాది. అందులో 'వ్యక్తి పేరు' అనే గడి ఉంది గానీ 'పాత్ర పేరు' అనే గడి లేదు. డాక్యుమెంటరీలో పాత్రలు ఉండవు కదా మరి. ఏం రాయమంటారని భార్గవేంద్ర గారిని అడిగితే, మన చిత్రం ఎవరి మీదో ఆ పేరే రాయమన్నారు. మల్లాడి తాతారావు, వృత్తి: పడవ నడుపుట, రేవు: గంటిపాలెం–తుంగలంక అని టైపు చేశాను. ఫోటో గడిలో గెడ పట్టుకున్న జయకర్ గారి ఫోటో అంటించాను. నా వేళ్ళు ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఇంటర్న్‌గా మూడో నెల, ఇంకా మంచి పేరు తెచ్చుకోవాలన్న ఆశ ఉన్న రోజులు. ఆగిన వేళ్ళు మళ్ళీ నడిచాయి. పత్రం అడుగున నకళ్ళు ఎవరెవరికి పంపాలో మండలి వారి నమూనాలో ముందే అచ్చయి ఉంది. కలెక్టరు ఆఫీసుకు, మండలాఫీసుకు, సదరు గ్రామ పంచాయితీకి, 'సమాచారం మరియు తగు చర్య నిమిత్తం'. నకళ్ళు తీసి, కవర్లు అంటించి, పోస్టులో వేశాను.

పది రోజులకు తాతారావు గారి నుంచి ఫోను వచ్చింది. కేకలు వేయలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"అమ్మాయిగారూ, నేను నేను కాదని పంచాయితీకి కాగితమొచ్చిందండి. అది తమరేమన్నా రాసేరా?"

జరిగింది ఇది. గంటిపాలెం పంచాయితీ సెక్రటరీ గారికి మా నకలు అందింది. చివర్న 'తగు చర్య' అని ఉంది. ఏ చర్య తగినదో అందులో లేదు. ఏ చర్యా తీసుకోకపోతే పై వాళ్ళు అడుగుతారు. ఆయన ఫోటో చూశారు, రేవుకు వెళ్ళి తాతారావు గారిని చూశారు. ఇద్దరూ ఒకేలా లేరు. అంటే ధ్రువీకృత తాతారావు పేరు చెప్పుకుని ఎవరో అనధికార వ్యక్తి పడవ నడుపుతున్నాడన్నమాట. ముప్ఫై ఏళ్ళుగా ఆ పడవ నడుపుతున్నది ఈయనేనన్న సంగతి సెక్రటరీ గారికి తెలియక కాదు, కానీ తెలిసినదానికి కాగితం లేదు, తెలియనిదానికి ఉంది. పడవకు గొలుసు వేసి తాళం పెట్టించారు. ముట్టుకుంటే కేసు పెడతామని నోటీసు అంటించారు.

తుంగలంక మనుషులు పక్క రేవుకు నడిచి వెళ్ళాలంటే ఇసుకలో రెండు గంటల నడక. పిల్లలు బడి మానేశారని, పాలు విరిగిపోతున్నాయని, తొమ్మిదో నెల గర్భిణిని మంచం మీద మోసుకెళ్ళారని ఆయన చెప్పారు. చెప్పి, ఇదంతా తమరి దాకా తెచ్చినందుకు ఏమనుకోవద్దన్నారు.

నేనే రాశానని చెప్పడానికి నోరు రాలేదు. కనుక్కుంటానని చెప్పి పెట్టేశాను.

భార్గవేంద్ర గారి దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. గొలుసు వేసిన పడవ, బడికెళ్ళని పిల్లలు, ఎదురుచూసే రేవు, ఇవన్నీ చాలా బలమైన దృశ్యాలని, ఇలియాస్‌ను పంపి వెంటనే తీయిద్దామని అన్నారు. ఆ తాళం తీయించమని మనమే మండలికి రాద్దామా అంటే, ఆయన నొచ్చుకున్నారు. "జరుగుతున్నదాన్ని మనం చూపిస్తాం. ఆపితే ఇక చూపించేదేముంటుంది?" అన్నారు.

పద్మనాభం గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఓపిగ్గా వివరించారు. ఒక వ్యక్తి తాను తానేనని పునఃపరిశీలన కోరే హక్కును మండలి గౌరవిస్తుందట. దానికి 'సి-7' అనే దరఖాస్తు ఉంది. దానికి జతపరచవలసిన పత్రాలు రెండు. ఒకటి ఫోటో. రెండోది, సదరు పేరుతో ఇప్పటికే ధ్రువీకరింపబడిన వ్యక్తి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం.

"అంటే తాతారావు గారు తాతారావు కావడానికి జయకర్ గారు ఒప్పుకోవాలా సార్?"

"జయకర్ ఎవరమ్మా?" అన్నారు పద్మనాభం గారు.

తెనాలి వెళ్ళాను. జయకర్ గారు పెరట్లో వెదురు కర్రతో గెడ వేయడం సాధన చేస్తున్నారు. మనిషి మంచివాడు. నేను చెప్పింది విని బాధపడ్డారు, మంచినీళ్ళిచ్చారు. తర్వాత ఆయన చెప్పిందేమిటంటే, చిన్నప్పుడు కాలవలో పడి మునగబోయి బయటపడినప్పటినుంచి ఆయనకు నీళ్ళంటే భయం, పడవ ఎక్కిందే లేదు. అయినా ముప్ఫై ఏళ్ళు ఆయన బిచ్చగాడిగా, తండ్రిగా, శవంగా వేషాలు వేశాక, నువ్వు నిజమైన మనిషివని ప్రభుత్వం కాగితం ఇచ్చింది ఇదే మొదటిసారి. తెనాలిలో సన్మానం కూడా పెట్టారు. చిత్రం పూర్తవగానే సంతకం పెట్టేస్తానన్నారు. "ఒక్కసారి తెర మీద చూసుకోనీ అమ్మా" అన్నారు. అభ్యంతరం లేదన్న పత్రం లేకుండానే వెనక్కొచ్చాను.

జులై చివర్లో మండలి వారు 'ప్రత్యక్ష పరిశీలన'కు తేదీ ఇచ్చారు. ధ్రువీకృత తాతారావు సంఘం పెద్దను గంటిపాలెం నుంచి తుంగలంకకు దాటిస్తారు, దాన్నే మేం చిత్రీకరిస్తాం. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

అప్పటికి గోదావరికి వరద ఎర్రనీరు తగిలింది. నది ఒడ్డులు ఒరుసుకుని వడిగా పోతోంది. సెక్రటరీ గారు గొలుసు తీయించారు. పడవకు వెనక బిగించిన చిన్న డీజిల్ ఇంజను చూసి పద్మనాభం గారు అది సహజం కాదన్నారు, విప్పించారు. తాతారావు గారు ఎప్పుడో కొనిపెట్టుకున్న నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఆరు ఉన్నాయి. అవీ సహజం కాదన్నారు, ఒడ్డున పడేయించారు.

తాతారావు గారు కొంచెం దూరంలో నిలబడి చూస్తున్నారు. నేను దగ్గరికి వెళ్తే తల దించుకుని మెల్లగా చెప్పారు. "ఈ నీటికి గెడ అందదండి. తెడ్డెయ్యమనండి."

ఆ మాట భార్గవేంద్ర గారికి చేరవేస్తే, జోక్యం చేసుకోవద్దన్నారు. పద్మనాభం గారికి చేరవేస్తే, ధ్రువపత్రం తీసి ఫోటో చూశారు. ఫోటోలో గెడ ఉంది. తెడ్డు లేదు.

పడవలో ఆరుగురం ఎక్కాం. పద్మనాభం గారు, భార్గవేంద్ర గారు, కెమెరాతో ఇలియాస్ గారు, సెక్రటరీ గారు, ఫైలూ స్టాంపు ప్యాడుతో నేను, గెడతో జయకర్ గారు. ఒడ్డు దగ్గర నీళ్ళు లోతు తక్కువ కాబట్టి మొదటి నాలుగు తోపులూ బాగానే పడ్డాయి. జయకర్ గారి ముఖంలో ఆ వేదన చూసి భార్గవేంద్ర గారు కెమెరా అటు తిప్పమన్నారు. ఐదో తోపుకు గెడ అడుక్కి అందలేదు. జయకర్ గారు ఇంకా కిందికి వంగారు. గెడ చేతిలోంచి జారి, నిలువుగా ఒకసారి లేచి, మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది.

పడవ ముందు పక్కకు తిరిగింది, తర్వాత వెనక్కి తిరిగింది, ఆ తర్వాత నదికి నచ్చినట్టు తిరిగింది. కిందుగా అరమైలు దూరంలో ఎత్తిపోతల పంపుహౌసు కాంక్రీటు స్తంభాలున్నాయి. మేం వాటివైపే వెళ్తున్నాం. జయకర్ గారు పడవ అడుగున కూలబడి నా మడమ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ భయం మాత్రం నటన కాదు. భార్గవేంద్ర గారు గొంతు తగ్గించి, ఇది తీస్తున్నావా అని ఇలియాస్ గారిని అడిగారు. ఇలియాస్ గారు కెమెరా కింద పెట్టేసి, అట్టపెట్టె మూతతో నీళ్ళు వెనక్కి తోస్తున్నారు. సెక్రటరీ గారు ఏ దేవుణ్ణో పేరు పెట్టి మొక్కుకుంటున్నారు. నాకు ఈత రాదు. ఫైలును పొట్టకు అదుముకుని కూర్చున్నాను, అది తేలుతుందేమోనని.

అప్పుడు ఒడ్డు నుంచి చిన్న చేపల పడవ ఒకటి మాకు అడ్డంగా వచ్చింది. తాతారావు గారు ఒక్కరే ఉన్నారు, తెడ్డు వేస్తున్నారు. మాకు మూడు బారల దూరానికి వచ్చి, అదే దూరంలో మాతో పాటు కిందికి వస్తూ ఉన్నారు. ఇంకా దగ్గరికి రాలేదు.

సెక్రటరీ గారు రమ్మని చేతులూపారు.

"తమరే కదండీ, ఆ పడవ ముట్టుకుంటే కేసెడతానన్నారు" అన్నారు తాతారావు గారు. వెటకారం లేదు. అడిగి తెలుసుకుందామని అన్నట్టే అన్నారు.

పద్మనాభం గారు చేయి ఎత్తి అందరినీ ఆగమన్నారు. నది తప్ప అందరం ఆగాం. ధ్రువీకరణ లేని వ్యక్తి పడవను తాకితే చిత్రం సహజత్వం రద్దవుతుందని, కానీ ఇటువంటి పరిస్థితికి నియమావళిలో అవకాశం ఉండకపోదని, చూడమని నాతో అన్నారు. నేను తడిసిన పేజీలు తిప్పాను. స్తంభాల మీద నీరు కొట్టుకునే చప్పుడు వినబడుతోంది. ఇరవై మూడో నియమం దొరికింది. పైకి చదివాను. 'ప్రమాదకర సన్నివేశములందు సహజ వ్యక్తికి బదులుగా, పోలిక కలిగిన డూపును వినియోగించుకొనవచ్చును.'

"పోలిక ఎంత శాతం?" అన్నారు పద్మనాభం గారు.

నేను తాతారావు గారిని చూశాను, నా మడమ పట్టుకున్న జయకర్ గారిని చూశాను. "అరవై ఉంటుందండి" అన్నాను.

"పాసు" అన్నారు ఆయన. "రాసుకో. డూపు పేరు?"

"మల్లాడి తాతారావండి" అని అటునుంచి జవాబు వచ్చింది.

"అది ఈయన పేరు. మీ పేరు చెప్పండి."

తాతారావు గారు తెడ్డు ఆపకుండా వేస్తున్నారు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు, స్తంభాలవైపు చూశారు. మనుషులు చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదాయన. కానీ ఆ నాలుగు క్షణాల్లో ఆయన ముఖంలో కనబడింది, హాల్లో ముగ్గురు సభ్యులూ వెతికి వెతికి పట్టుకోలేకపోయినదే. కెమెరా పడవ అడుగున పడి ఉంది.

"ఏదో ఒకటి రాసుకోండి" అన్నారు.

నేను పేరు గడిలో 'డూపు' అని రాశాను. పద్మనాభం గారు సంతకం పెట్టారు, నేను స్టాంపు వేశాను. సంతకం తడి ఆరకముందే తాతారావు గారు మా పడవలో ఉన్నారు. తెడ్డు రెండు చేతులతో పట్టుకుని, మోకాలు చెక్కకు ఆనించి, నదిని ఎదిరించకుండా దానితో పాటు కొంచెం వెళ్ళి, కొంచెం లాగి, మళ్ళీ కొంచెం వెళ్ళి, స్తంభాలకు ఇరవై గజాల ఇవతల మమ్మల్ని ఒడ్డుకు తెచ్చారు. దిగేటప్పుడు జయకర్ గారికి మాత్రం చెయ్యందించి, "నెమ్మదండి" అన్నారు.

తర్వాతి సంగతులు త్వరగా జరిగిపోయాయి. చిత్రం పూర్తయింది. దానికి మండలి వారి ఉత్తమ సహజత్వ పురస్కారం వచ్చింది. ఒడ్డు దగ్గర తీసిన మొదటి నాలుగు తోపులే అందులో ఉన్నాయి. జయకర్ గారు మాట తప్పలేదు. తెర మీద తనను చూసుకున్న మర్నాడే, తాను తాతారావు కానని సంతకం పెట్టి పంపారు. పురస్కారం పొందిన సహజ వ్యక్తి తన సహజత్వాన్ని తనంతట తాను వదులుకోవడానికి నియమావళిలో అవకాశం లేదని జవాబు వచ్చింది. ఆయన ఆ తర్వాత తండ్రి వేషాలకు వెళ్ళడం లేదని విన్నాను.

తాతారావు గారికి 'తాతారావు గారి శాశ్వత డూపు' అని ఉత్తర్వు ఇచ్చారు. ఫోటో ఉన్న కార్డు కూడా ఇచ్చారు. పడవ గొలుసు ఊడింది. కానీ డూపును ప్రమాదకర సన్నివేశాలలోనే వాడాలని నియమం ఉంది కదా. అందుకని సెక్రటరీ గారు రోజూ పొద్దున్నే రేవుకు వచ్చి, ఈ రోజు గోదావరి ప్రమాదకరంగా ఉందని రాసి సంతకం పెడితేనే పడవ కదలాలి. ఎండాకాలంలో మోకాటి లోతు నీళ్ళున్న రోజున కూడా అలాగే పెడతారు. ఒకరోజు ఆయన మేనకోడలి పెళ్ళికి వెళ్ళి రాకపోతే, ఆ రోజు నది ప్రమాదకరం కానందువల్ల ఎవరూ దాటలేదు. దానికి తోడు, డూపు నడిపే పడవ ఎక్కుతున్నామని ప్రయాణికులందరూ పుస్తకంలో రాసి సంతకం చేయాలి. తుంగలంక పిల్లల చేతిరాత బాగా మెరుగుపడిందని వాళ్ళ మాష్టారు మండలికి మెచ్చుకోలు ఉత్తరం రాశారట. మండలి దాన్ని అచ్చు వేసింది.

నేను ఐదో నెలలో మానేశాను. మానేసిన వారానికి గంటిపాలెం వెళ్ళాను, తాతారావు గారికి చెప్పాల్సింది చెప్పేద్దామని. పొద్దున్న ఎనిమిది గంటలకు రేవులో పిల్లలు సంతకాలు చేస్తున్నారు. ఆయన నన్ను గుర్తుపట్టి, టిఫినయిందా అని అడిగారు. ఆ కాగితం టైపు చేసింది నేనేనని, ఫోటో అంటించింది నేనేనని, పోస్టులో వేసిందీ నేనేనని, తెలిసే చేశానని ఒక్క ఊపులో చెప్పాను.

ఆయన గోదారి వైపు చూస్తూ విన్నారు. "ఫోన్లో తమరు ఆగినప్పుడే తెలిసిందండి" అన్నారు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తుంగలంక దాకా వస్తానన్నాను. పుస్తకం నా ముందు పెట్టారు. తేదీ, ప్రయాణికుల పేరు, పడవ నడుపు వ్యక్తి, సంతకం. పైనుంచి కిందిదాకా మూడో గడిలో గుండ్రటి అక్షరాలతో డూపు, డూపు, డూపు అని ఉంది. నేను పెన్ను తీసుకుని, ఆ గడిలో స్పష్టంగా 'మల్లాడి తాతారావు' అని రాశాను. రాసి, ఏదో పెద్ద పని చేసినట్టు ఆయన వైపు చూశాను.

ఆయన ఆ గీత దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశారు. చదువు పెద్దగా లేదు గానీ తన పేరు గుర్తుపట్టగలరు. తర్వాత ఆ పేజీ జాగ్రత్తగా, అంచు చిరగకుండా చింపి, నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నారు.

"సెక్రటరీ గారు చూత్తే మళ్ళీ గొలుసేత్తారండి" అన్నారు. "పిల్లలకి పరీక్షలు."

పుస్తకంలో కొత్త పేజీ తీసి నా ముందు పెట్టారు. చింపిన పేజీలో సంతకాలు చేసిన పిల్లలు మళ్ళీ మొదట్నుంచి వరుస కట్టారు. నా వంతు వచ్చేసరికి పడవ నిండిపోయింది, అందరూ నాకోసమే చూస్తున్నారు. నేను పెన్ను తీసుకుని 'డూపు' అని రాశాను. ఆయన తెడ్డు అందుకున్నారు.